నేను రాసినట్టు గుర్తులేని పేజీ

మా ఇంటి గుమ్మానికి నిమ్మకాయలు, మిరపకాయలు గుచ్చి కట్టేది మా అత్తగారు. ఎండిపోయాక వాటిని తెంపి చెత్తబుట్టలో వేసేది నేను. ఒట్టి చేత్తో ముట్టుకుంటున్నానని ఆవిడ గుండెలు బాదుకునేవారు. దయ్యాలు, ఆత్మలు, పూనకాలు, వీటిలో దేన్నీ నేను ఏనాడూ నమ్మలేదు. ఇప్పుడు నమ్మకం కుదిరిందని చెప్పడానికీ ఇది రాయడం లేదు. జరిగింది జరిగినట్టు ఒకచోట పెట్టుకోకపోతే నాకు మనసు నిలకడగా ఉండేలా లేదు.

మాది నరసరావుపేట. మా ఆయనకి స్టీలు సామాన్ల కొట్టుంది. మధ్యాహ్నం దాకా అక్కడ నేను కూర్చుంటాను. బేరాలు లేనప్పుడు కథలు రాసుకుంటాను. పదిహేనేళ్లలో పత్రికల్లో ఓ ఇరవై దాకా అచ్చయి ఉంటాయి. నవల మాత్రం ఒక్కటే రాశాను. నాపరాయి క్వారీలో పనిచేసే ఒక ఆడమనిషి కథ అది.

గురజాల, మాచర్ల వైపు నుంచి క్వారీ పనివాళ్లు పెళ్లిళ్లకి సామాను కొనడానికి మా కొట్టుకి వస్తుంటారు. గిన్నె అంచు మీద రాళ్లు పట్టి గరుకెక్కిన వాళ్ల వేలు జారితే ఆకురాయి రుద్దినట్టు చప్పుడయ్యేది. ఆ చప్పుడు వినే నేను వాళ్లని పలకరించడం మొదలుపెట్టాను. ఏ వేళకి లేస్తారు, పలక ఎలా లేపుతారు, పిల్లల్ని ఎక్కడ వదిలి వస్తారు, అన్నీ అడిగేదాన్ని. విన్నవన్నీ నోటుపుస్తకంలో రాసుకునేదాన్ని. మాచర్ల దగ్గర క్వారీకి రెండుసార్లు వెళ్లి చూశాను కూడా. కానీ నా నవలలోని కోటమ్మ ఆ వచ్చినవాళ్లలో ఎవరూ కాదు. మొత్తం నా కల్పన. కోటమ్మ ఒకరోజు పనిలో ఉండగా రాతిగట్టు జారి చనిపోతుంది. నవల అక్కడ అయిపోతుంది.

రాయడానికి మూడేళ్లు పట్టింది. అచ్చు వేయించడం అంతకన్నా కష్టమైంది. ఒక ప్రచురణకర్త జవాబే ఇవ్వలేదు. ఇంకొకాయన ఎనిమిది నెలలు తన దగ్గర పెట్టుకుని, "ఇప్పుడు నవలలు ఎవరు చదువుతున్నారమ్మా?" అని తిప్పి పంపించారు. చివరికి మేమే వేసుకుందామని మా ఆయన అన్నారు. బస్టాండు దగ్గర ఒక మేడ మీద డీటీపీ సెంటర్ నడిపే శ్రీనుకి నా రాతప్రతి ఇచ్చాను.

ప్రూఫులు దిద్దడం ఎంత నరకమో పుస్తకం వేసుకున్నవాళ్లకే తెలుస్తుంది. మొదటి ప్రూఫులో "క్వారీ" అన్నచోటల్లా "క్యారీ" అని పడింది. అవి దిద్దితే రెండో ప్రూఫులో పేరాలు తారుమారయ్యాయి. మూడో ప్రూఫు చదువుతుండగా, నవల చివర్లో, కోటమ్మ ఆఖరిసారి పనికి బయల్దేరే ఉదయం దగ్గర ఆగిపోయాను. అక్కడ ఒక పేరా ఉంది. అది నేను రాయలేదు.

అది ఇది:

"చెవి కమ్మలు తీసి నశ్యం డబ్బాలో పెట్టింది. పిల్ల పాలపన్ను కూడా అందులోనే వేసింది. ఇంటి మీదికి విసిరేశానని పిల్లకి చెప్పింది గానీ, విసరడానికి చెయ్యి రాలేదు. డబ్బాని ఆకుపచ్చ రవిక పేలికతో చుట్టి ముడివేసి, పొయ్యి గట్టుకి ఎడమవైపు పలక లేపి, కింద మట్టిలో కూరింది. మధ్యాహ్నం వచ్చి ఇంతకన్నా మంచిచోటు చూడాలనుకుంది."

నా నవలలో అసలు కమ్మల ప్రస్తావనే లేదు. ప్రూఫు పట్టుకుని నేరుగా శ్రీను దగ్గరికి వెళ్లాను.

"ఇదేంది శ్రీనూ, నీ సొంతంగా ఏమన్నా కలిపావా?"

"నేనా? నాకు ఉత్తరం రాయడమే చేతకాదమ్మా. మీ కాయితాల్లో ఉన్నదే కొట్టా" అంటూ కట్ట విప్పాడు.

ఉంది. ఎనభై ఆరో పేజీ తర్వాత, "86-అ" అని పైన అంకె వేసి, ఒక విడి కాగితం. నేను వాడే రూళ్ల కాగితమే. నా దస్తూరీయే. వాక్యం చివర చుక్క బదులు చిన్న గీత పెట్టడం నా అలవాటు, ఆ గీతలు కూడా ఉన్నాయి. కాకపోతే నేను పేజీలకి ఎప్పుడూ "అ, ఆ" అని వేయను. మధ్యలో ఏదైనా కలపాల్సివస్తే మొత్తం తిరగరాస్తాను.

రాసి మరిచిపోయానేమో అనుకున్నాను. అప్పట్లో సరిగ్గా నిద్రపోయేదాన్ని కాదు. నిజం చెప్పాలంటే ఎక్కువ ఆలోచించదలుచుకోలేదు. ఎందుకంటే ఆ పేరా బాగుంది. ఆ నవలలో నేను రాసిన ఏ పేరాకన్నా బాగుంది. దాన్ని అలాగే ఉంచెయ్యమన్నాను.

పుస్తకాలు వచ్చిన రోజు కట్ట విప్పి మొదటి కాపీ ముఖానికి ఆనించుకుని వాసన చూశాను. మా ఆయన నవ్వి, మిగతా కట్టల్ని గోడౌన్లో ఇడ్లీపాత్రల మధ్య పేర్చారు. గ్రంథాలయం హాల్లో ఆవిష్కరణ పెట్టుకున్నాం. ముప్పైమంది వచ్చారు, సగం మా చుట్టాలే. మాట్లాడిన రిటైర్డు లెక్చరరుగారు సరిగ్గా ఆ పేరానే పైకి చదివి, "రచయిత్రి ప్రాణం పెట్టి రాసిన చోటు ఇది" అన్నారు. అందరూ చప్పట్లు కొట్టారు. నేను తలవంచుకుని శాలువా కప్పించుకున్నాను. ఆ సిగ్గు నాకింకా గుర్తుంది.

జిల్లాలోని నాలుగైదు శాఖా గ్రంథాలయాలకి కాపీలు ఊరికే పంపాను. రెండు నెలల తర్వాత, ఒకరోజు పొద్దున నేను కొట్లో ఉండగా ఫోన్ వచ్చింది.

"మేడం గారూ, ఆ క్వారీ పుస్తకం రాసింది మీరేనా?"

ఆడపిల్ల గొంతు. ఎవరో పాఠకురాలని సంబరపడ్డాను. అవునమ్మా అన్నాను.

"మా అమ్మ సంగతి మీకెవరు చెప్పారు?"

ఆ పిల్ల పేరు మల్లేశ్వరి. గురజాల దగ్గర ఒక ఊళ్లో సచివాలయంలో నర్సుగా చేస్తోంది. ఆమెకి ఆరేళ్లప్పుడు తల్లి ఆదిలక్ష్మి నాపరాయి క్వారీలో గట్టు జారి చనిపోయింది. ఇరవై ఏళ్లయింది. ఆ రోజు శవం చెవులకి కమ్మలు లేవు. ఇంట్లోనూ దొరకలేదు. పుట్టింటివాళ్లకి దోచిపెట్టిందని నాయనమ్మ ఊరంతా చాటింది. మేనమామతో పెద్ద గొడవై రాకపోకలు తెగిపోయాయి. తర్వాత తండ్రి కూడా పోతే, ఆ నాయనమ్మే మల్లేశ్వరిని పెంచింది. దొంగ కూతురన్న మాట వింటూ పెరిగానని చెప్పింది.

"క్వారీలో పోయినోళ్లు చానామంది ఉంటారు మేడం. అది సరే. నా పన్ను సంగతి మీకెట్టా తెలుసు? అమ్మ పోవడానికి నాలుగు రోజుల ముందే నాకు మొదటి పన్ను ఊడింది. ఇంటి మీదికి విసిరేశానని చెప్పింది. ఆ మాట నేనెవరికీ చెప్పలేదు. చెప్పేదానికి ఎవురున్నారు నాకు?"

కల్పన అమ్మా, ఊహించి రాశాను అన్నాను. ఆ మాట నా చెవికే అబద్ధంలా వినిపించింది.

"మా ఇంట్లో పాత పొయ్యి గట్టు ఇంకా ఉంది. గ్యాసు వచ్చాక దాని మీద తవుడు బస్తాలు పెడుతున్నాం. నేను దాని జోలికి పోలా. నేను తీస్తే, నువ్వే పెట్టి తీశావంటది నాయనమ్మ. మీరొచ్చి తీయండి. ఉంటే ఉంటది, లేకపోతే లేదు" అంది మల్లేశ్వరి.

మా ఆయనకి చెబితే, "ఇదేదో తేడాగా ఉంది. ఒక్కదానివే పోమాకు" అని తనూ బయల్దేరారు. ఆదివారం పొద్దున గురజాల దాకా బస్సులో వెళ్లి, అక్కడినుంచి ఆటో ఎక్కాం. ఆ ఊరు నేను అంతకుముందు చూడలేదు. పేరు కూడా విన్న గుర్తు లేదు.

నాపరాళ్ల గోడలతో కట్టిన ఇల్లు. వసారాలో నులకమంచం మీద నాయనమ్మ కూర్చుని ఉంది.

"ఎవురే వీళ్లు?"

"పుస్తకం రాసినామె నాయనమ్మా. అమ్మ గురించి."

"పుస్తకాల్లో రాసేదానికి అదేం ఘనకార్యం చేసిందంట? కమ్మలు పుట్టింటోళ్ల పాలు చేసి పోయింది."

మల్లేశ్వరి మమ్మల్ని లోపలికి తీసుకెళ్లింది. మా ఆయన, ఆ పిల్ల కలిసి బస్తాలు దించారు. పొయ్యి గట్టుకి ఎడమవైపు ఒక పలక. దాని చుట్టూ మట్టి, పేడ అలుకు పొరలు పొరలుగా గట్టిపడి ఉన్నాయి. ఈ మధ్యకాలంలో ఎవరూ కదిపిన జాడ లేదు. అది మా ఆయన ఒకటికి రెండుసార్లు వంగి చూశారు. మోసమేమన్నా ఉంటే పట్టుకుందామనే ఆయన వచ్చింది. గడ్డపార వేసి పలక లేపింది కూడా ఆయనే.

కింద మట్టి. చేత్తో తవ్వారు. జానెడు లోతు కూడా పోకుండానే ఆయన చెయ్యి ఆగింది. తలెత్తి నా వైపు చూశారు. ముప్పై ఏళ్ల కాపురంలో ఆయన ముఖం అలా పాలిపోవడం నేను చూడలేదు.

తుప్పు పట్టిన చిన్న డబ్బా. చుట్టూ నల్లగా మారిన గుడ్డ. ముట్టుకుంటే పొడిపొడిగా రాలింది. ముడి ఉన్నచోట, మడతల లోపల, కొంచెం ఆకుపచ్చ రంగు మిగిలి ఉంది.

తవుడు బస్తా మీద కూలబడ్డాను. నా పుస్తకం భుజాన సంచిలోనే ఉంది. ఆ సంచిని తీసి దూరంగా పెట్టాలనిపించింది.

మల్లేశ్వరి మూత తీయలేకపోయింది. మా ఆయన కొడవలి మొనతో తిప్పి తీసి ఇచ్చారు. లోపల ఎర్రరాళ్ల కమ్మలు రెండు. వాటితో పాటు బియ్యపు గింజకన్నా కొంచెం పెద్దగా, పసుపుబారిన ఒక పన్ను.

మల్లేశ్వరి కమ్మల్ని చూడనే లేదు. ఆ పన్నుని అరచేతిలో పెట్టుకుని, "విసిరేశానంది మేడం, విసిరేశానంది" అంటూ అక్కడే నేలమీద కూర్చుండిపోయింది.

ఎప్పుడు లేచి వచ్చిందో, నాయనమ్మ గుమ్మం పట్టుకుని నిలబడి ఉంది. చెయ్యి చాచి డబ్బా తీసుకుంది. మూతని బొటనవేలితో తడిమింది.

"ఇది నాదే. ఇదిగో, ఈ సొట్ట నేను కింద పడేసినప్పుడు పడింది. పోయిందని అప్పుడు ఇల్లంతా వెతికినా."

ఆవిడ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని గోడవైపు తిరిగింది. తర్వాత, "మీ మామకి ఫోన్ చేయవే. నేను మాట్టాడతా" అంది.

ఇంటికొచ్చాక మా ఆయన రెండు రోజులు కొట్టు తెరవలేదు. మూడో రోజు తనే ఒక కారణం చెప్పారు. ఆ ఆదిలక్ష్మి, పోయిన రోజు పనిలో ఎవరికో చెప్పి ఉంటుంది. వాళ్లెవరో ఎప్పుడో మన కొట్లో నీకు చెప్పి ఉంటారు. నువ్వు మరిచిపోయి, కథలో రాసేశావు. నాకూ ఆ మాట పట్టుకుని నిలబడాలనే ఉంది. నా నోటుపుస్తకాలన్నీ మొదటినుంచి చివరిదాకా వెతికాను. కమ్మలు, పన్ను, డబ్బా, ఎక్కడా లేవు. మళ్లీ ఆ ఊరు వెళ్లి, ఆదిలక్ష్మితో ఆ రోజు పనిచేసిన ఇద్దరిని కలిశాను. వాళ్లలో పెద్దామె నన్ను వింతగా చూసింది.

"మాకు చెప్పి ఉంటే మేమే తీసి ఇచ్చేవాళ్లం గదమ్మా. దాన్ని ఇన్నేళ్లు దొంగని చేస్తుంటే చూస్తా ఊరుకుంటామా?"

డబ్బా ఎక్కడుందో తెలిసిన మనిషి ఒక్కతే. ఆమె ఆ మధ్యాహ్నానికే ప్రాణాలతో లేదు.

చెప్పాల్సిన ఇంకో సంగతి ఉంది. కోటమ్మకీ ఆదిలక్ష్మికీ మిగతా ఏ పోలికా లేదు. కోటమ్మకి కూతురే కాక ఇద్దరు కొడుకులు కూడా ఉన్నారు, అత్త లేదు, ఊరు వేరు. ఆ ఒక్క పేజీ తీసేస్తే నా నవల ఎవరి కథైనా కావచ్చు. ఆ పేజీ మాత్రం ఒకే ఒక్క మనిషిది. 86-అ కాగితాన్ని శ్రీను దగ్గర్నుంచి తెచ్చి బీరువాలో పెట్టాను. అప్పుడప్పుడూ తీసి చూస్తాను. ఎంత చూసినా అది నా దస్తూరీయే.

పోయిన నెల మల్లేశ్వరి మా కొట్టుకి వచ్చింది. వాళ్ల మేనమామని వెంటబెట్టుకుని వచ్చింది. మెరుగు పెట్టించిన ఎర్రరాళ్ల కమ్మలు చెవులకి ఉన్నాయి. ఆయన నా చేతులు ఒకసారి పట్టుకుని వదిలి, మా ఆయనతో మాటల్లో పడ్డాడు. ఆ పిల్ల కౌంటరు దగ్గరికి జరిగి, ఎవరూ వినకుండా అడిగింది.

"మేడం గారూ, మా అమ్మ మీకు ఇంకేమన్నా చెప్పిందా?"

ఆ కళ్లలోకి చూస్తూ ఒక మంచిమాట కల్పించి చెప్పడం నాకెంతసేపు? పదిహేనేళ్లుగా చేస్తున్న పనే అది. నోరు తెరిచాను. ఒక్క వాక్యం కూడా రాలేదు.

"లేదు తల్లీ" అన్నాను.

ఆ పిల్ల సరేనన్నట్టు తలూపింది. ఆ పేజీ ఎవరు రాశారో నాకు ఈరోజుకీ తెలియదు.