నేను కట్టిన మెషీన్, ఢిల్లేసు బిగించిన డ్రైవు

2009వ సంవత్సరం, పెళ్లిళ్ల సీజన్ మొదలైన రోజులు. కాశీబుగ్గ బజారులో నాకు కంప్యూటర్లు అమ్మి, రిపేరు చేసే చిన్న కొట్టు ఉండేది. పలాస జీడిపప్పు ఫ్యాక్టరీల బిల్లింగ్ మెషీన్ల దగ్గర్నుంచి టెక్కలి ఫోటో స్టూడియోల సిస్టమ్‌ల దాకా ఏది మొరాయించినా నా దగ్గరికే వచ్చేది. టెక్కలిలో ఢిల్లేసు కొట్టు తెరిచేదాకా ఇదీ పరిస్థితి.

ఢిల్లేసు అంటే ఢిల్లేశ్వరరావు. ఇద్దరం ఒకే ఇన్‌స్టిట్యూట్‌లో, ఒకే బల్ల మీద హార్డ్‌వేర్ పని నేర్చుకున్నాం. అప్పటినుంచే వాడి చేతి పని చూస్తే నాకు కడుపు మండేది. క్యాబినెట్ మూసేముందు లోపలి వైర్లన్నీ జడ అల్లినట్టు సర్దేవాడు. నేను బిగించింది పనిచేసేది, అంతే. ఇప్పుడు వాడి కొట్టుకి అద్దాల తలుపు, లోపల ఏసీ. ఆ ఏసీ ఎంత చల్లగా ఉంటుందో నా కస్టమర్లే నాకొచ్చి వర్ణించేవారు. నేను స్క్రూలు వెతుక్కుంటూ వినేవాణ్ణి.

ఒక ఉదయం అప్పలసూరి టెక్కలి బస్సు దిగి, తువ్వాలు చుట్టిన సీపీయూని చంటిబిడ్డలా ఎత్తుకుని వచ్చాడు. టెక్కలిలో ఆయనది ఫోటో స్టూడియో. చుట్టరికం ఏమీ లేకపోయినా నాకు సూరి మావే. ఆ సిస్టమ్ ఐదేళ్ల కిందట నేనే కట్టిచ్చాను. తువ్వాలు తియ్యగానే నా కళ్లు ముందు రేకు మీదికే పోయాయి. నా కొట్టు స్టిక్కర్ ఉండే చోట ఢిల్లేసు స్టిక్కర్ మెరుస్తోంది. దాని కింద నా స్టిక్కర్ అంచు కొంచెం కనబడుతోంది.

“ఇదేటి మావా?” అన్నాను.

“ఏటి సెప్పమంటావు కూర్మా. ఫోటోషాప్ తెరుసుకునేలోగా టీ తాగొచ్చీవోణ్ణి. ఎస్‌ఎస్‌డీ అని కొత్తది వొచ్చినాది, అదేత్తే పని బేగి అవుద్దన్నాడు ఢిల్లేసు. ఏయించినాను.”

“నాకొక్క మాట సెప్పలేకపోయావా?”

“అలాటియి నీ కాడ ఉంటాయని నాకేటి తెలుసు?”

ఒళ్లు మండింది గానీ, ఆయన అన్నది నిజమే. ఎస్‌ఎస్‌డీని నేను అప్పటికి పత్రికల్లో బొమ్మగానే చూశాను. మామూలు హార్డ్ డిస్క్‌లో పళ్లెం తిరుగుతుంది, దాని మీద ఒక ముల్లు వెతుక్కుంటూ పోతుంది. ఎస్‌ఎస్‌డీలో తిరిగేది ఏదీ లేదు, అంతా చిప్పులే. అందుకే వేగం. దాన్ని ఈ చుట్టుపక్కల మొదట బిగించినవాడు ఢిల్లేసు, అదీ నేను కట్టిన మెషీన్‌లో.

“మరి బేగి అయ్యిందా?” అన్నాను, అవ్వలేదని ఆయన చెబితే బాగుండునని మనసులో అనుకుంటూనే.

“ఆడి కొట్లో సూపించినప్పుడు అలగ కన్ను మూసి తెరిసేలోగా వొచ్చీసినాది. నా కాడికి తెచ్చుకున్నాక పాతదానికన్నా అన్నేయం. సంతబొమ్మాళి పెల్లి ఆల్బం సగంలో ఉండిపోనాది. పెల్లోలు ఇయ్యాలే కావాలని నా మీద కూకున్నారు. ఆ ఢిల్లేసుగాడు నాకు నకిలీ సరుకు అంటగట్టినాడు. మా బజార్లో అందరికీ సెప్పీసినాను.”

ఆ మాట వినగానే నా కడుపు చల్లబడింది. సూరి మావ మాటంటే టెక్కలి స్టూడియోల వాళ్లందరికీ గురి. నకిలీ సరుకు అన్న పేరు ఒకసారి పడిందంటే ఆ అద్దాల తలుపు తోసుకుని ఇంకెవరూ వెళ్లరు. పోయిన కస్టమర్లందరూ మళ్లీ కాశీబుగ్గ బస్సెక్కుతారు. మావకి టీ తెప్పించి, పక్క రేకు విప్పాను.

లోపల తప్పు దొరకాలని చూశాను. దొరకలేదు. చిన్న డ్రైవుని పెద్ద అరలో నిలబెట్టడానికి ఇనప బ్రాకెట్ వేశాడు, స్క్రూలు అన్నీ ఉన్నాయి, వైర్లు అదే జడ. నేనెప్పుడూ తుడవని ఫ్యాన్ రెక్కలు కూడా తుడిచి పెట్టాడు. అది చూసి ఇంకా మండింది.

వేగం కొలిచే చిన్న ప్రోగ్రామ్ నడిపాను. పాత హార్డ్ డిస్క్ సెకనుకి యాభై మెగాబైట్లు చదివేది. ఈ కొత్తది మూడు దగ్గర ఈడుస్తోంది. డ్రైవు అసలుదేనని దాని నంబరు చెబుతోంది. డివైస్ మేనేజర్ తెరిచి చూస్తే విషయం బయటపడింది. డ్రైవు పీఐవో మోడ్‌లోకి దిగిపోయింది. మామూలుగా డేటా డ్రైవు నుంచి నేరుగా మెమరీకి వెళ్తుంది, దాన్ని డీఎంఏ అంటారు. పీఐవోలో ప్రతి పిడికెడూ ప్రాసెసరే మోసుకుపోవాలి. దారిలో తప్పులు పదేపదే వస్తుంటే విండోస్ ఎక్స్‌పీ భయపడి ఇలా దిగిపోతుంది, తనంతట తాను మళ్లీ పైకి రాదు. అంటే లోపం కేబుల్‌లోనో, అది తగిలే మొనలోనో ఉండాలి.

డ్రైవు బయటికి తీశాను. బంగారు రంగు కాంటాక్టుల మీద పసుప్పచ్చగా ఏదో గట్టిపడి ఉంది, మధ్యలో ఎర్రని పొడి. గోటితో గీకి వాసన చూశాను.

“మావా, దీనికి పసుపు ఎవరు రాసినారు?”

“నేనే.” ఆయన ముఖంలో ఏ మార్పూ లేదు. “రాయకపోతే ఎలగ? నువ్వు ఏ సిస్టమ్ ఇచ్చినా బొట్టెట్టి ఇత్తావు గదా. ఢిల్లేసునడిగితే, మెషీనుకి బొట్టేటి మావా అని నవ్వీసినాడు. బొట్టు నేని దాని మీద పెల్లి ఫోటోలు ఎలగ సేత్తాను? నా మనసొప్పనేదు. స్టూడియోకి తెచ్చి, రేకిప్పి, ఆ సిన్న డబ్బాని పైకి తీసి, దండం ఎట్టుకుని, సుట్టూరా పెట్టినాను.”

“సుట్టూరా ఎందుకు మావా? నేను పైన రేకు మీద ఒక్కటే కదా ఎడతాను.”

“నువ్వెట్టినట్టు నాకు రాదు గదా. అందుకని నాలుగు ఎక్కువెట్టినాను.”

ఐదేళ్లుగా ఆయన నా పనితనం చూసి వస్తున్నాడని అనుకున్నాను. ఢిల్లేసు అంత అందంగా చేసిన పనిలో ఆయనకి వెలితిగా తోచింది నా బొట్టొక్కటే. సంతోషించబోయాను. కానీ ఆ వెలితే కదా డ్రైవుని చెడగొట్టింది. వాడి మీద పడిన నింద నా అలవాటు నుంచి పుట్టిందే.

రబ్బరుతో కాంటాక్టులు రుద్ది, స్పిరిట్‌తో తుడిచాను. కొత్త కేబుల్ వేశాను. డివైస్ మేనేజర్‌లో డ్రైవు వచ్చే ఛానెల్‌ని తీసేసి రీస్టార్ట్ చేస్తే విండోస్ దాన్ని మళ్లీ కొత్తగా గుర్తించింది. ఈసారి వేగం నూటపదిహేను చూపించింది.

“డబ్బా మీద రెండొందల ఏభై అని ఉన్నాది గదా?” అన్నాడు మావ.

“మీ బోర్డు పాతది మావా. కేబుల్ తగిలించే దాని సాటా పోర్టు ఇంతకన్నా వదల్లేదు. బస్సెంత కొత్తదైనా మన రైలు గేటు కాడ ఆగాల్సిందే గదా.”

“అవునవును. ఢిల్లేసు కూడా ముందే సెప్పినాడు.”

అదీ చెప్పేశాడన్నమాట. సూరి మావ ఫోటోషాప్ మీద నొక్కాడు. టీ గ్లాసు కింద పెట్టేలోగా తెరుచుకుంది. నా చేతి మీదుగా ఎన్నో మెషీన్లు పోయాయి, ఒక్కటీ అలా పరిగెత్తలేదు. పెట్టె నాదే గానీ ఆ పరుగు వాడిది. అసూయతో కాసేపు ఆ తెర వైపు చూడలేకపోయాను.

“సరుకు మంచిదే మావా, బిగించడంలోనూ తప్పు లేదు. మీ బజార్లో సెప్పినోల్లందరికీ మల్లీ సెప్పు,” అన్నాను.

“ముందు ఆడికి నువ్వు సెప్పు. నాకు మొకం సెల్లదు,” అని ఆయన తన సెల్‌ఫోన్‌లో నంబరు కలిపి నా చేతిలో పెట్టాడు.

జరిగిందంతా ఢిల్లేసుకి చెప్పాను. “పసుపా?” అన్నాడు. తర్వాత, “నువ్వు నోరు మూసుకుంటే నీ కొట్టుకే మంచిది గదా బావా,” అన్నాడు.

“అవును,” అన్నాను. ఫోను మావకి ఇచ్చేశాను.

సూరి మావ వెళ్తూ వెళ్తూ క్యాబినెట్ నా ముందుకి జరిపాడు. ఢిల్లేసు స్టిక్కర్ పక్కన, రేకు మీద, ఒక బొట్టు పెట్టాను. సంతబొమ్మాళి ఆల్బం అనుకున్న వేళకి అందిందని తర్వాత కబురు చేశాడు. అప్పటినుంచి నెమ్మదించిందని ఏ మెషీన్ వచ్చినా, ఎవరు బిగించారని అడగడం మానేశాను. బిగించాక ఇంట్లో దాన్ని ఏం చేశారని అడుగుతాను. కస్టమర్ మెషీన్‌ని ఎలా చూసుకుంటాడో తెలియకుండా అందులో లోపం వెతకకూడదని ఆ రోజు తెలిసింది. అసూయ మాత్రం తగ్గలేదు.

ఆ సీజన్ అయ్యాక నేనూ ఒక ఎస్‌ఎస్‌డీ కొనుక్కోవాలని టెక్కలి వెళ్లి, అద్దాల తలుపు తోశాను. ఏసీ నిజంగానే చల్లగా ఉంది. ఢిల్లేసు డబ్బా తీసి బల్ల మీద పెట్టాడు. సొరుగులోంచి కుంకం భరిణె కూడా తీశాడు. సూరి మావ తెచ్చి ఇచ్చాడట.

“నువ్వెడతావా బావా, నన్నెట్టమంటావా?” అన్నాడు.

“నువ్వే ఎట్టు. పై డబ్బా మీదే, లోపల కాదు,” అన్నాను.

పెట్టాడు. బొట్టు కూడా నాకన్నా గుండ్రంగా పెట్టాడు.