అది ముట్టు కాదు

ఆ సోమవారం పొద్దున చేనులో పత్తి ఏరుతుంటే ఎడమవైపు పొత్తికడుపులో చివుక్కుమంది. నడుముకు కట్టుకున్న పత్తి ఒడి బరువనుకుని ముడి వదులు చేసుకున్నాను. మధ్యాహ్నానికి కొద్దిగా రక్తం కనిపించింది. పెళ్లయి మూడేళ్లయినా కడుపు పండలేదు. ఆ నెల తేదీ దాటి పది రోజులయ్యేసరికి ఎవరికీ చెప్పకుండా ఆశపడ్డాను. ఆ మరక చూసి చేనులోనే ఏడ్చాను.

మా ఇంట్లో ముట్టయితే మూడు రోజులు పక్కన కూర్చోవాలి. నేనూ చాప వేసుకుని కూర్చున్నాను, నాలుగో రోజు తలస్నానం చేశాను. కానీ ముట్టంటే నాకు తెలియదా? ఇది ముదురు చాయ్ రంగులో చుక్కలు చుక్కలుగా పడుతోంది. నొప్పి ఒక్కవైపే పొడుస్తోంది.

"వేడి చేసింది బిడ్డా, సబ్జ నీళ్లు తాగు" అంది అత్తమ్మ. తాగాను, తగ్గలేదు. ఐదో రోజు మా ఆయనతో, "దవాఖానకు తోల్కపోతవా, నన్నొక్కదాన్నే పొమ్మంటవా?" అన్నాను.

దేవరకొండలో డాక్టరమ్మ "లాస్ట్ పీరియడ్ ఎప్పుడు?" అనడిగింది. "మొన్న సోమారమే" అన్నాను. అక్కడే తప్పు చేశాను. ఆమె గ్యాస్ మాత్రలు రాయబోయి ఆగి, "ఎప్పటిలెక్కనే అయిందా?" అంది.

"లేదమ్మా, గట్ల కాలే. పది రోజులు ఆలస్యమై గిప్పుడు చుక్కలే పడ్తున్నయ్."

వెంటనే యూరిన్ టెస్ట్ చేయించింది. రెండు గీతలు! ఆ సంతోషం అరగంట కూడా నిలవలేదు. స్కాన్‌లో గర్భసంచి ఖాళీగా ఉంది.

"ఎక్టోపిక్ ప్రెగ్నెన్సీ. పిండం గర్భసంచిల కాదు, పక్కనున్న ట్యూబ్‌ల ఉంది. అక్కడ బతకదు. పెరిగితే ట్యూబ్ పగిలి నీ ప్రాణం మీదికొస్తుంది. ఇంకా చిన్నగుంది, ఇంజక్షన్‌తో కరిగించొచ్చు" అని నల్లగొండ పెద్ద దవాఖానకు రాసిచ్చింది.

మా వెంట నల్లగొండకు వచ్చిన అత్తమ్మ అక్కడ నా చెయ్యి పట్టుకుంది. "మూడేండ్లకు నిలిచిందే, కరిగిచ్చుకుంటమా? ఇంకో వారం సూద్దాం బిడ్డా."

 నేనన్నాను: "ఏం సూస్తవ్ అత్తమ్మా? నేను సచ్చేది సూస్తవా?"

ఆమె కొంగు నోట్లో కుక్కుకుంది. నేను సంతకం పెట్టాను.

మెథోట్రెక్సేట్ అనే ఆ ఇంజక్షన్ ఇచ్చారు. నాలుగో రోజు, ఏడో రోజు గర్భం హార్మోన్ ఎంతుందో చూసే బీటా హెచ్‌సీజీ రక్తపరీక్ష. అంకె తగ్గాల్సినంత తగ్గలేదు, మళ్లీ ఇంజక్షన్. నోరంతా పుండ్లు, అన్నం సయించదు. "కండ్లు తిరిగినా, కడుపునొప్పి ఎక్కువైనా, భుజం గుంజినా ట్యూబ్ పగిలి ఉండొచ్చు, ఒక్క నిమిషం ఆగొద్దు" అని డాక్టర్ చెప్పిన మాటను మా ఆయన రోజూ అప్పజెప్పేవాడు. వారం వారం బస్సెక్కాను. మధ్యలో మానేద్దామన్న వాళ్లతో పోట్లాడి మరీ ఎక్కాను. ఆరో వారానికి అంకె పూర్తిగా దిగింది. ఆపరేషన్ లేకుండా గట్టెక్కాను. పోయిన కడుపు కోసం మాత్రం చాలా రోజులు ఏడ్చాను.

ఇది జరిగి రెండేళ్లయింది. ఇంకా పిల్లలు లేరు. ఈసారి నెల తప్పితే మొదట్లోనే స్కాన్‌కు రమ్మన్నారు, పోతాను. అక్కచెల్లెళ్లకు నేను చెప్పేది ఒక్కటే: తేదీ దాటాక మామూలుగా లేని రక్తం, ఒకపక్క నొప్పి కనిపిస్తే ముట్టనుకుని పక్కన కూర్చోకండి. ఆ రోజే టెస్ట్ చేయించుకోండి.

మొన్నొక పెండ్లిలో ఎవరో, "మీ ఇంట్ల ఇంకా ఏం విశేషం లేదా?" అని అత్తమ్మను అడిగారు.

"నా కోడలు బతికున్నది, కనవడ్తలేదా?" అంది.