పత్తి చేలకు వినపడే బడి

జూన్ నెల దగ్గరికొచ్చిందంటే చాలు, రిటైరై ఇన్నేళ్లయినా నాకు ఇంట్లో కాలు ఒక చోట నిలవదు. ఈ ఏడు సరిగ్గా అలాంటి రోజుల్లోనే ఒక పొద్దున చొప్పదండి నుంచి మా అమ్మాయి ఫోన్ చేసింది. అల్లుడు దుబాయిలో ఉంటాడు కనుక ఇక్కడి నిర్ణయాలన్నీ దాని నెత్తి మీదే పడతాయి. మనవరాలిని ఒకటో తరగతిలో వేయాలి, ఇంటి వెనకాలే ఉన్న చిన్న సర్కారు బడిలో వేయాలా, కరీంనగర్ రోడ్డు మీద కొత్తగా కట్టిన పెద్ద బడికి పసుపు బస్సు ఎక్కించాలా అన్నది ఎంతకీ తేలడం లేదట. "నీ జిందగీ అంతా బడిలనే గడిచింది గద అమ్మా, జర పోయి చూసి మంచిదో కాదో చెప్పు" అని, కూరగాయల బండి దగ్గర వంకాయలు ఏరిపెట్టమన్నంత తేలిగ్గా చెప్పి ఫోన్ పెట్టేసింది.

బడులు తెరవగానే చొప్పదండికి వెళ్లి అమ్మాయి ఇంట్లోనే దిగాను. సర్కారు బడి వరండాలో ఒక మూల కుర్చీ వేయించుకుని పొద్దుటి నుంచి మధ్యాహ్నం అన్నం గంట కొట్టేదాకా కూర్చున్నాను. అయిదు తరగతులకు ఇద్దరు టీచర్లు. ఒక గదిలో రెండో తరగతి గుణింతాలు చెప్తుంటే, అదే గదిలో గోడ వైపు తిరిగిన మూడో తరగతి కూడికలు చేస్తోంది, మధ్యలో ఒక పిల్లవాడు ఏ తరగతివాడో తనకే తెలియనట్టు రెండిట్లోనూ గొంతు కలుపుతున్నాడు. నేల శుభ్రంగా ఉంది, నల్లాలో నీళ్లు వస్తున్నాయి, వంటావిడ గుడ్ల పెంకు తీసి మరీ పెడుతోంది. గోల మాత్రం గోలే. చిన్న టీచరమ్మకు నేనెవరో తెలిసినట్టుంది, నా వైపు చూసినప్పుడల్లా గొంతు తడబడుతుంటే నాకే పాపమనిపించి తల అవతలికి తిప్పుకున్నాను. సాయంత్రం అమ్మాయి ఏమంటవు అని అడిగితే, ఆలోచించి చెప్తానన్నాను. వారం దాటినా చెప్పలేకపోయాను. ముప్పై ఏళ్లు పైబడి చాక్‌పీసు పట్టుకున్నదానికి ఒక బడి మంచిదో కాదో చెప్పడం చేతకాలేదంటే నవ్వుతారేమో గానీ, నా ఈడువాళ్లు, అందులో పంతుళ్ల పని చేసినవాళ్లు, అంత తొందరగా నవ్వరనుకుంటాను.

ఎందుకంటే నా బడిని ఎవరో వచ్చి తూచిన రోజు ఒకటుంది. ఆ రోజు తలుచుకుంటే ఇప్పటికీ కూర్చున్న చోట కూర్చోలేను.

అప్పటికి నేను ఉద్యోగంలో చేరి రెండేళ్లు కూడా కాలేదు. మాది కరీంనగర్ వైపు, మిషన్ కాంపౌండ్ పక్క వాడ. మా బాపు మిషన్ తోటలో మాలి, నన్ను కన్న మా అవ్వ ఆదివారం ఆరాధన అయ్యాక చాపలు దులిపి మడతపెట్టే మనిషి. నేను చదివింది మిషన్ హాస్టల్లో. అక్కడ నోరు మూసుకుని చేతులు కట్టుకుని కూర్చోగలిగిన పిల్లే బుద్ధిమంతురాలు, నేనేమో ఎంత ప్రయత్నించినా ఆ లెక్కలోకి రాలేకపోయాను, అది వేరే సంగతి. అట్లాంటి నాకు మొదటి పోస్టింగు ఆదిలాబాద్ వైపు, మహారాష్ట్ర సరిహద్దుకు దగ్గర్లో, ఒక వాగు ఒడ్డునున్న పల్లెలో పడింది. వాళ్ల తెలుగులో సగం మరాఠీ. పంతులమ్మను 'బాయీ' అని పిలుస్తారు, బడిని 'శాళ' అంటారు. మొదటి నెల వాళ్లు మాట్లాడింది నాకు, నేను మాట్లాడింది వాళ్లకు సగమే అర్థమయ్యేది. ఆ మిగిలిన సగం నవ్వుతో సర్దుకునేవాళ్లం.

బడి అంటే ఒక్కటే పెంకుల గది, దాని ముందు వసారా. నేనూ, ఇంకో ఏడాదిలో రిటైరయ్యే పెద్దసారూ. ఇద్దరం బస్సు దిగి అడ్డరోడ్డు నుంచి చేల గట్ల మీద నడిచి వచ్చేవాళ్లం. ఆ బస్సు వచ్చే రోజు వచ్చేది, రాని రోజు లేదు. బడి చుట్టూ మూడు వైపులా పత్తి చేలు, నాలుగో వైపు వాగు. పిల్లల తల్లులంతా ఆ చేలల్లోనే కూలికి పోయేవాళ్లు. కొత్తల్లో నాకు తెలియదు గానీ, వాళ్లు బడిని కళ్లతో కాక చెవులతో చూసుకునేవాళ్లు. మేం రాగానే చేసే మొదటి పని పిల్లలందరినీ నిలబెట్టి ఒకేసారి ఎక్కాలు చెప్పించడం. ఒకటో తరగతి నుంచి అయిదో తరగతి దాకా పెంకులు లేచిపోయేటట్టు అరిచేవాళ్లు. ఆ చప్పుడు చేలల్లోకి వినపడగానే, పంతులమ్మ వచ్చింది, పిల్లలు బడిలో ఉన్నారు అని నమ్మకం కుదిరి, ఆడవాళ్లు ఒడి బిగించి పత్తి ఏరడం మొదలుపెట్టేవాళ్లు. చప్పుడు వినపడకపోతే బస్సు రాలేదని లెక్క. అప్పుడు ఒకామె వచ్చి, ఆవరణలో ఆడుకుంటున్న పిల్లలందరినీ పోగుచేసి చేనికి తోలుకుపోయేది, లేకపోతే వాగులోకి దిగుతారని భయం. చేనికి పోయిన పిల్లల చేతులు ఊరికే ఉండవు కదా, సాయంత్రానికి వాళ్ల ఒళ్లోనూ పత్తి నిండేది. ఇదంతా నాకు ఎవరూ కూర్చోబెట్టి చెప్పలేదు, నాలుగైదు సార్లు ఖాళీ బడికి వచ్చి, చేల వెంట తిరిగి పిల్లలను వెనక్కి తెచ్చుకున్నాక నాకే అర్థమైంది.

అట్లా నడుస్తుండగా పై నుంచి కబురొచ్చింది. చిన్న బడులను చూసి, బాగోలేనివాటిని ఎత్తేసి, పక్క ఊరి పెద్ద బడిలో కలుపుతారట. మా పక్క ఊరంటే వాగు అవతలిది. వాగు మీద వంతెన లేదు, ఎండాకాలం తప్ప మిగతా రోజులన్నీ మోకాలి లోతు నీళ్లు, వానొస్తే నడుము దాకా. మా బడి పోతే మగపిల్లలు కొందరన్నా వాగు దాటుతారేమో గానీ, ఆడపిల్లల్లో ఒక్కతీ దాటదని నాకు ఖాయంగా తెలుసు, వాళ్లంతా చేలల్లోకి పోతారు. ఆ కబురు విన్నప్పటి నుంచి నాకు అన్నం సయించలేదు. నా ఉద్యోగానికి ముప్పేమీ లేదు, ఇంకో ఊరికి వేస్తారు, అంతే. అయినా పాఠం చెప్తూ చెప్తూ మా ముందు వరసలో కూర్చునే ఆడపిల్లలను పదే పదే లెక్కపెట్టుకునేదాన్ని.

పెద్దసారు మాత్రం ధైర్యంగానే ఉన్నాడు. ఆయన సర్వీసులో చాలా తనిఖీలు చూశాడు. ఆఫీసర్లకు కావలసింది క్రమశిక్షణ, ఆ రోజు చీమ చిటుక్కుమన్నా వినపడాలి, మిగతాది నేను చూసుకుంటాను అన్నాడు. మధ్యాహ్నాలు కాసేపు పిల్లలకు మౌనం నేర్పించాడు. చేతులు కట్టుకోవాలి, వేలు చూపించి పేరు పిలిస్తేనే లేవాలి, ఎవరొచ్చినా తల తిప్పకూడదు. పాపం పిల్లలకు అదొక కొత్త ఆటలాగా దొరికింది, ఎవరు ఎక్కువసేపు కదలకుండా ఉంటారా అని పందాలు కట్టుకున్నారు. నాకు హాస్టల్ గుర్తొచ్చి ఒళ్లు మండింది గానీ, రెండేళ్ల అనుభవం కూడా లేని నా మాట ఎవరు వింటారు?

తనిఖీ రోజు మా అదృష్టానికి బస్సు వేళకే వచ్చింది. ఆఫీసరు కూడా పొద్దున్నే అడ్డరోడ్డు దగ్గర జీపు దిగి గట్ల మీద నడిచి వచ్చాడు. కార్తీకం రోజులు, పత్తి తెల్లగా పగిలి ఉంది, వాగులో నీళ్లు ఇంకా తగ్గలేదు. పెద్దసారు ఆ పొద్దున ఎక్కాలు వద్దన్నాడు, ఆఫీసరు అడుగుపెట్టేసరికే బడి ప్రశాంతంగా ఉండాలని. పిల్లలు నిజంగానే బొమ్మల్లా కూర్చున్నారు. ఆఫీసరు లోపలికి వచ్చి, గది చూసి, పలకలు చూసి, గోళ్లు చూసి, చాలా సంతోషంగా తల ఊపాడు. పెద్దసారు ముఖం వెలిగిపోయింది. నేను గుమ్మం దగ్గర నిలబడి ఉన్నాను, నాకు మాత్రం చెవులు గుయ్‌మంటున్నాయి. ఆ గదిలో అంత నిశ్శబ్దం నేనెన్నడూ వినలేదు.

ముందుగా దూరంగా ఒక కేక వినిపించింది. ఎవరో ఒకామె పిల్లల పేర్లు పెట్టి పిలుస్తోంది. పేరు పిలవబడ్డ పిల్ల నా కళ్లెదుటే ఉలిక్కిపడి, మళ్లీ చేతులు కట్టుకుని బిగుసుకుపోయింది. బయట ఆమెకు ఆవరణలో పిల్లలు కనపడలేదు, గదిలోంచి చప్పుడు లేదు, పిలిస్తే పలికేవాళ్లు లేరు. ఆమె వాగు వైపు పరుగెత్తింది. నేను గుమ్మం దిగి చేతులు ఊపేలోపే ఆమె వెనక చేలల్లోంచి ఇంకొకామె, ఆ వెనక ఇంకొందరు, ఒడిలోని పత్తి దారంతా రాలిపోతుంటే పట్టించుకోకుండా, ఏడుస్తూ వాగు గట్టెక్కారు. నేను గొంతు చించుకుని అరిచాను, ఉన్నరు, పిల్లలు బడిలనే ఉన్నరు అని. ఆ మాట వాళ్లకు అందడానికి ఎంతసేపు పట్టిందో నాకు తెలియదు. నాకైతే చాలాసేపనిపించింది.

తరువాత వాళ్లంతా గదిలోకి వచ్చిపడ్డారు. ఆఫీసరును చూసినవాళ్లు లేరు. పిల్లలను పట్టి లేపి, ఒళ్లంతా తడిమి, కొందరు ముద్దులు పెట్టుకుని, కొందరు వీపు మీద ఒక్కటి చరిచి, ఒక్కటే ఏడుపు. ఒక తల్లి నా వైపు తిరిగి, "ఏమైంది బాయీ, పోరలకు జరమొచ్చిందా? ఎందుకు సప్పుడు జేస్తలేరు?" అని అడిగింది. పెద్దసారు చెమట తుడుచుకుంటూ వాళ్లను బయటికి పొమ్మని సైగలు చేస్తున్నాడు. ఆఫీసరు ముందుకొచ్చి, ఇదంతా ఏమిటని గట్టిగానే అడిగాడు.

జవాబు చెప్పింది వాళ్లలో పెద్దావిడ, ముందు వరసలోని ఒక పిల్లకు నాయనమ్మ. భయం ఇంకా దిగనేలేదు, ఆ భయంలోనే కోపం కూడా ఉంది. "పొద్దుగాల పోరలు ఎక్కాలు ఒర్రితెనే మాకు పానం నిమ్మలం సారూ. ఇయ్యాల సప్పుడే లేకపాయె, వాగుల వడ్డరనుకున్నం. ఈ శాళ ఎత్తేసి అవుతలి ఊరికి తోల్తరంట గద, గా అవుతల ఒర్రితె మాకు ఇనవడ్తదా? ఇనవడకుంటె మేం మా పోరిలను తోలం, ఇగ మీ ఇష్టం" అంది. అని, పిల్లను పట్టుకుని నేల మీదే కూలబడింది.

ఆఫీసరు నన్ను చూసి, రోజూ చెప్పించేది ఇప్పుడు చెప్పించండమ్మా అన్నాడు. పిల్లలు ముందు పెద్దసారు ముఖం చూశారు, నోరు తెరవొచ్చా వద్దా అని. ఆయన తల వంచుకున్నాడు. నేను రెండో ఎక్కం అందుకునేసరికి ఒక్కసారిగా గది దద్దరిల్లింది. బాగా చెప్పారని అబద్ధమాడను, పెద్ద ఎక్కాల దగ్గర సగం మంది తప్పారు, తప్పును కూడా అంతే గట్టిగా అరిచారు. తల్లులు గోడకానుకుని కళ్లు తుడుచుకుంటూ చివరిదాకా విని, ఒక్కొక్కరే చేలకు తిరిగిపోయారు. ఆఫీసరు మా ముందు ఏమీ రాయలేదు, మంచిదనీ అనలేదు, చెడ్డదనీ అనలేదు. మంచినీళ్లు తాగి జీపెక్కి వెళ్లిపోయాడు.

ఆ తరువాత నెలలకు నెలలు నాకు మనసు మనసులో లేదు. అడ్డరోడ్డు మీద జీపు కనపడితే, అది దాటిపోయేదాకా నిలబడి చూసేదాన్ని. చివరికి చుట్టుపక్కల కొన్ని బడులు పోయాయి, మాది పోలేదు. ఆ పెద్దావిడ మాట వల్ల మిగిలిందో, వాగు వల్ల మిగిలిందో, కాగితాల్లో మా పేరు ఎక్కడో జారిపోయి మిగిలిందో మాకెవరూ చెప్పలేదు. పెద్దసారు మాత్రం రిటైరయ్యే రోజు దాకా, ఆ మొదటి పావుగంట మౌనమే బడిని నిలబెట్టిందని నమ్మాడు, ఆయన సంతోషం ఎందుకు చెడగొట్టాలని నేనూ ఊరుకున్నాను. నాకు అర్థం కానిది ఇంకొకటి ఉండేది. నిలబడ్డ ఆ బడి మంచి బడేనా? నా దగ్గర చదివిన ఆడపిల్లల్లో కొందరు పై చదువులకు పోయారు, చాలామంది పెళ్లయ్యాక ఆ చేలల్లోనే పత్తి ఏరారు. ఎక్కాలు నోటికి వచ్చినవాళ్లు చేతి లెక్క దగ్గర తడబడ్డారు. అప్పుడు నన్నెవరైనా నిలదీసి అడిగి ఉంటే, ఇప్పుడు మా అమ్మాయి ముందు నిలబడ్డట్టే నిలబడేదాన్ని.

నేనిట్లా ఎటూ తేల్చకుండా వారమంతా గడిపేసరికి మా అమ్మాయికి ఓపిక పోయింది. ఫోన్లో పెద్ద బడికి ఎవరెవరో ఇచ్చిన నక్షత్రాలు చూసి, మా చిన్నమ్మాయితో మాట్లాడి, పిల్లను అక్కడే చేర్పించేసింది. తప్పని నేననను, ఆ బడి బాగోలేదని అనడానికి నా దగ్గర ఒక్క కారణమూ లేదు. కానీ పిల్ల బస్సెక్కి పోయిన మొదటి రోజు నాకు ఇంట్లో కాలు నిలవక, ఆటో మాట్లాడుకుని నేనూ వెళ్లాను. గేటు దగ్గర వాచ్‌మన్ మర్యాదగానే, "లోపలికి పంపరు అవ్వా, మీటింగ్ దినమే రావాలె" అన్నాడు. సరేనని ప్రహరీ గోడ వెంట నడిచాను. పెద్ద గోడ, అద్దాల కిటికీలన్నీ బిగించి ఉన్నాయి, ఏసీ మిషన్ల రొద తప్ప మరే చప్పుడూ లేదు. వందల మంది పిల్లలున్న చోట ఒక్క గొంతు కూడా బయటికి రావడం లేదు. చుట్టూ తిరిగి మళ్లీ గేటు దగ్గరికే వచ్చి, కటకటాలు పట్టుకుని నిలబడ్డాను. ఆ రోజు ఆ తల్లులు ఎందుకంత పరుగెత్తారో ఇన్నేళ్లకు నా కడుపుకు తెలిసింది, కాకపోతే వాళ్లకు పరుగెత్తడానికి ఒక వాగన్నా ఉంది.

ఇప్పుడు బడులను చూడటానికి అన్నీ ఉన్నాయి, మార్కులు, నక్షత్రాలు, ఫోన్లోకి వచ్చే ఫోటోలు, అన్నీను. మన కాలంలో ఇవేవీ లేవు, మన బడులు మంచివో కావో మనకు సరిగ్గా ఎప్పుడూ తెలియలేదు. అయినా మన పిల్లలు ఎక్కడున్నారో మన చెవులకు తెలిసేది. ఆ సాయంత్రం మనవరాలు బస్సు దిగి నా చెయ్యి పట్టుకునేదాకా, ఆ రోజంతా అది ఏం చేసిందో, నవ్విందో ఏడ్చిందో, నాకు ఒక్క ముక్క తెలియదు.