సొప్పు మాత్ర

మా అమ్మాయి ఇంటర్ ఆఖరి పరీక్ష రాసి ఇంటికొచ్చి, చెప్పులు విప్పకముందే బెంగళూరు దగ్గరి థీమ్ పార్కు మాట ఎత్తింది. రెండు రోజులు ఆటలు, పార్కు పక్కనే గది, తిండి కూడా అక్కడి హోటళ్లలోనే. నాకూ కాలు నిలవలేదు. ఉరుసులో చెక్కగుర్రాల రాట్నం దిగనని మొండికేసి మా నాయన చేత దెబ్బలు తిన్నదాన్ని నేను. యాభై ఏళ్లొచ్చినా ఆ గుణం పోలేదు.

అయితే నాకు చక్కెర జబ్బు. అనంతపురంలో నన్ను చూసే డాక్టరమ్మ మూడు నెలలు గడువిచ్చింది. నా ఫైలులో ఎర్ర పెన్నుతో ఒక గీత గీసి, "నంబరు దీని కిందికి రాకపోతే ఇంజెక్షన్లు మొదలుపెడదాం" అంది. ఆ పరీక్ష పార్కు నుంచి తిరిగొచ్చిన మర్నాడే. రెండు నెలల ఇరవై ఎనిమిది రోజులు కొర్రన్నం, జొన్నరొట్టె తిని నోరు కట్టుకున్నాను. చివరి రెండు రోజులు హోటల్ తిండి తిని అంతా బూడిదలో పోస్తానేమోనని గుబులు.

మానుకుందామనే అనుకున్నాను. ఇంతలో మా వదిన మా అమ్మాయికి ఫోను చేసింది. మా అన్న భార్య. ఆమెది మడకశిర, కన్నడం తెలుగు రెండూ ఒకే నోట పలుకుతాయి, అందుకని తోడు రమ్మని మా అమ్మాయే అడిగింది. ఫోను స్పీకరులో ఉందని ఆమెకు తెలియదు.

"మీ అమ్మను పిల్సుకోని పోతే మీకే కష్టం పాపా. హోటల్ వాసన తగిలితే సాలు, నోరు ఆగదు ఆయమ్మకు" అంది.

నేను కుట్టుమిషను మీద జాకెట్టు కుడుతున్నాను. దారం తెంపి, లేచి, అటక మీది బ్యాగు దించాను.

వదినతో నాకు పాత లెక్క ఒకటుంది. వాళ్ల అమ్మాయి ఓణీల పండగలో, బంతిలో అందరి మధ్యా కూర్చున్నాను. ఆకులో వేడి ఓళిగ పడింది. మిగతా ఊళ్లలో బొబ్బట్టు అంటారు, మాకు ఓళిగ. నెయ్యి పోయబోతుంటే వదిన ఎక్కడినుంచో వచ్చి, "ఆమెకు ఏయొద్దప్పా, సక్కెర కాయిలా!" అని బంతి అంతా వినేలా చెప్పి, నా ఆకులోంచి ఓళిగ ఎత్తుకుపోయింది. వడ్డించిన ఆకులోంచి తీయడం! నాకు అటువైపు పన్నెండు మంది, ఇటువైపు తొమ్మిది మంది. ఎవరెవరు నవ్వారో ఈరోజు అడిగినా వరసగా చెప్పగలను.

పొద్దున్నే కారులో బయల్దేరాం. మా ఆయన బండి నడుపుతున్నాడు. బాగేపల్లి దాటాక హోటల్లో ఆపితే నేను రెండు ఇడ్లీలు చెప్పి, చట్నీ పక్కన పెట్టి, సాంబారు నోట్లో పెట్టుకున్నాను. తీపి!

"సాంబార్లో బెల్లం ఏసినారేమప్పా?" అని కేకేశాను.

"మే, ఈడంతా అట్లే ఏస్తారు. గొడవ పెట్టుకోవద్దు" అంది వదిన.

"ఏస్తే గోడ మీద రాయల్ల. సక్కెరోళ్లు తాగద్దండి అని."

మా ఆయన పూరీ తుంచుతూ తల ఎత్తలేదు. నా ఎదురుగా కూర్చుని, ఉబ్బిన పూరీని వేలితో పొడిచి ఆవిరి వదిలాడు. అది కూడా గుర్తుంది. నేను సాంబారు పక్కకు జరిపి, ఉత్త ఇడ్లీలు పుట్నాలపొడితో తిని లేచాను. మొదటి గండం దాటింది.

రెండో గండం పార్కు వాకిట్లోనే. జొన్నరొట్టెలు, రోట్లో నూరిన చెనిక్కాయల ఊరుబిండి గుడ్డలో కట్టి తెచ్చుకున్నాను. బయటి తిండి లోపలికి రాదని కాపలాదారు మూట తీసి పక్కన పెట్టించాడు. చక్కెర జబ్బు అంటే డాక్టరు చీటీ చూపించమన్నాడు. నా ఫైలు సామాను దించిన గదిలో ఉంది. ఊరుబిండి మూత తీసి వాసన చూసి మరీ మూసేశాడు. ఆయన మీసం ఎడమవైపు కాస్త పొట్టిగా ఉంటుంది.

లోపలికి అడుగుపెట్టాక మాత్రం ఆ మీసం కూడా మరిచిపోయినంత పనయింది. అంత ఎత్తున చక్రం, పెద్ద పడవంత ఊయల, ఎటు చూసినా కేకలు. పడవ ఊయల ఒకవైపు పైకి లేచినప్పుడు నా కడుపు కింద ఉండిపోయింది. "మా, కండ్లు తెరువు!" అని అమ్మాయి అరుస్తోంది. తెరిచాను. ఆకాశం, చెట్లు, మళ్లీ ఆకాశం. వదిన వెనక సీట్లో దేవుళ్లందరినీ పిలుస్తోంది. నాకు నవ్వు ఆగలేదు. దిగి వెంటనే మళ్లీ వరసలో నిలబడ్డాను. మూడుసార్లు ఎక్కాను.

తర్వాత వాన. నిజమైన వాన కాదు, పైన పైపులు పెట్టి పాటలతో కలిపి కురిపిస్తారు. మా వజ్రకరూరు వైపు తొలకరి వానకు జనం వజ్రాల కోసం చేలల్లో నేల చూసుకుంటూ నడుస్తారు. వానలో తల ఎత్తుకుని నిలబడేవాళ్లను నేను చూడలేదు. ఇక్కడ అందరూ తల ఎత్తే నిలబడ్డారు. నేనూ ఎత్తాను. నోరు తెరిచాను. మా వీధికి ట్యాంకరు వచ్చిన రోజు బిందెల దగ్గర జరిగే యుద్ధం తలుచుకుని, ఇన్ని నీళ్లు ఊరికే కురిపిస్తున్నారని కోపం రావలసింది. నిజంగానే వచ్చింది, కానీ వానలోంచి బయటికి రాబుద్ధి కాలేదు.

ఆ ఉత్సాహంలో మధ్యాహ్నం దాటిపోయింది. భోజనానికి ముందు వేసుకునే మాత్ర వేసుకున్నాను. అరగంటలో తినాలి. లేకపోతే చేతులు వణుకుతాయి, చెమటలు పోస్తాయి. హోటల్ దగ్గర వరస చాంతాడంత. బోర్డు మీద బొమ్మలు చూశాను. ఫ్రైడ్ రైసు, నూడుల్సు, గోబీ మంచూరియా, పూరీ, జామూను. పెరుగన్నంలో కూడా ద్రాక్షపండ్లు. వదిన, మా ఆయన, అమ్మాయి కూర్చోవడానికి చోటు వెతుకుతుంటే నేనొక్కదాన్నే కౌంటరు దగ్గరికి వెళ్లాను. అప్పటికే వేళ్లు సన్నగా వణుకుతున్నాయి.

"ఏమప్పా, నూనె లేనిది, తీపి లేనిది ఏమన్నా ఉండాదా? నాకు సక్కెర" అన్నాను.

కౌంటరు వెనక తలకు వల టోపీ పెట్టుకున్న నడివయసు మనిషి. "సక్కెర" ఒక్కటే అర్థమైనట్టుంది. లోపలికి చూసి, నావైపు తిరిగి, నవ్వుతూ అన్నాడు.

"సొప్పు మాత్ర ఇదె అమ్మా. కొడ్లా?"

నాకు తల తిరిగింది, ఆకలికి కాదు. జొన్న కంకులు కోసుకున్నాక మిగిలే ఎండు కాడలను మేము సొప్ప అంటాం. ఎద్దులకు వేస్తాం. ఒక కరువు ఏడు ఆ సొప్ప మోపులు నేనే తల మీద మోశాను. ఆ ఏడే హాస్టల్లో చేరితే, పక్క మంచం అమ్మాయి "నీ దగ్గర సొప్ప వాసన" అని ముక్కు మూసుకుంది. ఆమె పేరు, ఊరు, ఆ రోజు వేసుకున్న గళ్ల పరికిణీ అన్నీ నాకు తెలుసు. ఇన్నేళ్లకు మళ్లీ ఎవరో నవ్వుతూ నాతో సొప్ప తినమంటున్నాడు. మాత్ర మింగమంటున్నాడు. పైగా కొడతాడట!

"కంప్లైంటు బుక్కు తీ" అన్నాను. ఆ మాటకు ఏ భాషా అడ్డం రాదు. మేనేజరు పరుగెత్తుకొచ్చి పుస్తకం ఇచ్చాడు. వణికే చేత్తోనే అరపేజీ రాశాను. మేనేజరు పేజీని అటు తిప్పి ఇటు తిప్పి చూశాడు. తెలుగు రాదు. ఆ గొడవకు మా వాళ్లు వచ్చేశారు. వదిన పుస్తకం అందుకుని గట్టిగా చదివింది.

"అయ్యా, నేను చక్కెర రోగిని. నాకు తగిన తిండి ఏముందని మర్యాదగా అడిగితే, మీ పనివాడు సొప్ప తినమని, మాత్ర మింగమని, లేదంటే కొడతానని అన్నాడు. తగిన చర్య తీసుకోగలరు."

చదివి ఆ టోపీ మనిషి వైపు తిరిగి, ఏమన్నావని కన్నడంలో అడిగింది. అతను చెప్పాడు. వదిన కుర్చీ వెతుక్కుని కూలబడింది. నవ్వు ఆపుకోలేక కొంగు నోట్లో కుక్కుకుంది.

"మే, సొప్పు అంటే ఆకుకూరే! మాత్ర అంటే మాత్రమే. కొడ్లా అంటే ఇయ్యల్నా అని. ఆకుకూర ఒగటే ఉండాది, ఇయ్యల్నా అమ్మా అన్న్యాడు పాపం ఆయప్ప."

"ఆ మాట తెలుగులో చెప్పొచ్చు గదా?"

"ఆయప్పకు తెలుగు యాడ వస్తాది?"

"నాకు కన్నడం యాడ వస్తాది?"

"నాయనా, అమ్మ కూర్చునేట్టు చూడు, చెమటలు పడ్తాండాయి" అంది మా అమ్మాయి. మా ఆయన నన్ను కుర్చీలో కూర్చోబెట్టాడు. ఆ టోపీ మనిషి అప్పటికే లోపలికి వెళ్లి, స్టీలు పళ్లెంతో వచ్చాడు. అందులో పిడికిలికి రెండింతల రాగి ముద్ద, పక్కన పొగలు కక్కే ఆకుకూర పులుసు. పనివాళ్ల కోసం వండుకున్నది. బోర్డు మీద లేదు, అమ్మరు. నేను వాకిట్లో జొన్నరొట్టెలు పోగొట్టుకుని పార్కంతా వెతుకుతున్న తిండి, కౌంటరుకు పది అడుగుల లోపల గిన్నెలో ఉంది!

ముద్ద తుంచి పులుసులో అద్ది మింగాను. ఉప్పు సరిగ్గా ఉంది. బెల్లం లేదు. రెండో ముక్కకు చేతి వణుకు తగ్గింది, మూడో ముక్కకు నవ్వొచ్చింది. పడవ ఊయలలో కూడా నాకు అంత సంబరం కలగలేదు.

తింటుండగా మేనేజరు వదిన ద్వారా నన్ను ఆ పేజీ కొట్టేయమన్నాడు. పైవాళ్లు చూస్తే ఆ మనిషికి మాట వస్తుందట. నేను రాసిన ఫిర్యాదు దేన్నీ ఇంతవరకు కొట్టేయలేదు. కానీ పళ్లెంలోని ముద్ద సగం తిని ఉన్నాను. పెన్ను తీసుకుని కింద ఇంకో ఐదు వాక్యాలు రాశాను. పైన రాసింది భాష తెలియక జరిగిన పొరపాటు. ఈ మనిషి తప్పు ఏమీ లేదు, పైగా ఆకలికి అన్నం పెట్టాడు. అసలు ఫిర్యాదు ఇది. ఇంత మంచి ముద్ద, ఆకుకూర లోపల దాచుకుని బోర్డు మీద జామూను బొమ్మ ఎందుకు వేశారు? జవాబు కావాలి. వదినతో కన్నడంలోకి రాయించి, నా సంతకం పెట్టాను.

రెండో రోజు కౌంటరు ఇంకా దూరంగా ఉండగానే ఆ మనిషి చెయ్యి ఊపాడు. "సొప్పమ్మా, బన్ని బన్ని!" అని రమ్మంటూ కేకేశాడు. ఆ పేరు మా అమ్మాయి ఇప్పటికీ వదలలేదు. బోర్డు మాత్రం మారలేదు. జామూను బొమ్మ అలాగే ఉంది.

ఆ రోజు వదిన కూడా ముద్దే తీసుకుంది. నా ఎదురుగా కూర్చుని, కాసేపు పులుసు కలుపుతూ ఉండి అంది.

"ఆ దినం ఓళిగ తీసిండేది నువ్వింగా మనసులో పెట్టుకోనుండావు గదా?"

"పెట్టుకోనుండా."

"సక్కెరతో మాయమ్మ కాలు తీసేసినారు. నీకు తెల్దా?"

"తెలుసు. ఓళిగ తీసేది తప్పు గాదు వదినా. బంతిలో అందరూ వినేట్టు అరిసేది తప్పు. చెవిలో చెప్పింటే నేనే తీసి పక్కన పెట్టేదాన్ని."

వదిన నా మొహం చూసింది. "చెవిలో చెప్తే నువ్వు వింటావా?" అంది.

ఆలోచించాను. ఓళిగ వేడిగా ఉంది, నెయ్యి గిన్నె దగ్గరికొచ్చింది. వినేదాన్ని కాదేమో. ఆ మాట ఆమెతో అనలేదు. "పులుసు సల్లగైతాండాది, తిను" అన్నాను.

సాయంత్రం బయల్దేరేముందు మళ్లీ ఒకసారి ఆ పైపుల వానలో నిలబడ్డాను. ఈసారి వదిన కూడా వచ్చింది.

మర్నాడు పొద్దున్నే, ఏమీ తినకుండా, సూది గుచ్చించుకున్నాను. మధ్యాహ్నం డాక్టరమ్మ కాగితం చూసి, నా ఫైలు తెరిచి, ఎర్ర గీత పక్కన నంబరు రాసింది. గీత కింద! నా గుండె పడవ ఊయలలాగే లేచింది. ఇంజెక్షన్ లేదు.

"ఎక్కడికో టూరు పోయొచ్చినట్టున్నారు. అక్కడ ఏం తిన్నారు?" అని అడిగింది.

"సొప్ప తింటి మేడమ్" అన్నాను.

ఆమె నవ్వలేదు, అర్థం కూడా అడగలేదు. "ఆకుకూరలు" అని రాసుకుని, తర్వాతి వాళ్లను పిలిచింది. మూడు నెలలు నోరు కట్టుకున్నదానికి ఒక్క మంచి మాట అనలేదు. అది కూడా నాకు గుర్తుంటుంది.

మెట్లు దిగుతూనే వదినకు ఫోను చేశాను.

"గీత కింద వచ్చినాది వదినా!"

అవతల వదిన తన పక్కన ఎవరెవరున్నారో వాళ్లందరికీ వినిపించేలా అరిచింది. "ఆయమ్మ నోరు కట్టుకున్న్యాది! గీత కింద వచ్చినాది!"

ఈసారి ఎంత గట్టిగా అరిచినా నాకు అభ్యంతరం లేకపోయింది.