శవం లేని నవల

ఆ రోజుల్లో, అంటే డిగ్రీ అయిపోయి ఉద్యోగం రాక, నూజివీడు దగ్గర మా పెదనాన్న మామిడి షెడ్డులో పెట్టెలకు లేబుళ్ళు అంటిస్తున్న రోజుల్లో, నాకంటూ ఉన్న గొప్ప ఒక్కటే. మధ్యాహ్నం కాయలు ఏరే ఆడవాళ్ళు క్యారేజీలు విప్పగానే, వాళ్ళకు సస్పెన్స్ నవల చదివి వినిపించేదాన్ని. (పేజీకో శవం లేకపోతే అది నవలే కాదని నా గట్టి నమ్మకం.) సరిగ్గా హంతకుడు తలుపు తట్టే చోట ఆపేసి "మిగతాది రేపు" అంటే, వాళ్ళు బతిమాలుతుంటే ఎంత సంబరంగా ఉండేదో!

అంతలో పెదనాన్నగారి కొత్త కోడలు, చాట్రాయి నుంచి వచ్చిన మా వదిన, ఓ సన్నటి నవలతో షెడ్డులోకి దిగింది. అందులో ఓ వీధి, ఆ వీధిలో మనుషులు, ఒక్కొక్కరి గురించి రెండు మూడు పేజీలు. ఒకావిడ పప్పుకు తాలింపు వేస్తుంది, ఒకాయన గొడుగు బాగుచేసుకుంటాడు. అంతే! వదిన అది చదవడం మొదలుపెట్టి వారం తిరక్కుండా నా శ్రోతలందరూ ఆవిడ చాప మీదికి జరిగిపోయారు. నాకు కడుపు మండిపోయింది.

"ఏం జరుగుతుందని అంత ఇదిగా వింటున్నారు?" అన్నాను.

"ఏం జరగదు అమ్మాయిగారూ. అచ్చం మా వీధిలా ఉంది, భలేగుంది" అంది తొడిమలు కోసే మామ్మ.

ఆ సాయంత్రం ఎవరూ చూడకుండా ఆ నవల చివరి పేజీ చదివేశాను. చివర ఏమవుతుందో ముందే చెప్పేస్తే ఇక ఎవరు వింటారు? మర్నాడు అందరూ కూర్చోగానే, "చివరికి గొడుగాయన కూతురింటికి వెళ్ళిపోతాడు, కథ అయిపోయింది, ఇక లేవండి!" అని ప్రకటించాను. ఒక్కరూ లేవలేదు. "పోన్లెండి, చల్లగా ఉంటాడు" అంది మామ్మ. "ఇంతకీ గొడుగు పట్టుకెళ్ళాడా అండీ?" అని ఇంకొకావిడ బెంగ.

వదిన నా వైపు తిరిగింది. "నా గొంతు పట్టేసిందమ్మాయ్, ఈ పూట నువ్వు చదువు" అని పుస్తకం నా చేతిలో పెట్టింది.

ఆ పూట భాగం ఓ పొరుగావిడది. ఎదురింట్లో నవ్వులు వినపడితే ఓర్వలేదు. తోడుకు కాస్త మజ్జిగ కావాలనే వంకతో వెళ్ళి గుమ్మంలో నిలబడుతుంది. గిన్నె నింపి ఇస్తారు గానీ లోపలికి రమ్మనరు. తిరిగి వచ్చేస్తుంది. అంతే, అక్కడితో సరి. చదువుతూ చదువుతూ ఉండగానే నాకు అక్షరాలు అలుక్కుపోయాయి.

"పాపం, ఎవరన్నా లోపలికి పిలవొచ్చుగా" అంది మామ్మ.

"కళ్ళల్లో సొన పడింది" అన్నాను, చెంపలు తుడుచుకుంటూ. (లేబుళ్ళు అంటించేదాని కళ్ళల్లోకి మామిడి సొన ఎలా వచ్చిందని ఎవరూ అడగలేదు.) వదిన చాప మీద కాస్త జరిగి, "ఇటు రా, అన్నం తిందాం" అంది.

ఆ పిల్లను, అంటే అప్పటి నన్ను తలుచుకుంటే ఇప్పుడు జాలీ వేస్తుంది, నవ్వూ వస్తుంది. కుళ్ళు పూర్తిగా పోయిందని మాత్రం చెప్పలేను. అలాంటి నవల ఏదన్నా వదిన నాకంటే ముందే చదివేసిందని తెలిస్తే రెండు రోజులు ఫోన్ ఎత్తను. ఆవిడ మాత్రం ఫోన్ చేస్తూనే ఉంటుంది.