చిన్నత్త చావనివ్వని చేపలు

మా చిన్నత్త పోయింది. పోయిన నెల ఓ మంగళవారం పొద్దున్న బావ ఫోన్ చేశాడు. "అమ్మ పోనాదే. ఆసుపత్రికి బయల్దేరదామని సెప్పులేసుకున్నాది. అలాగే కుర్సీలో కూలబడిపోనాది" అన్నాడు. నేను, "ఇంటికి జనం సేరతారు, ఎవరో ఒకరు స్విచ్చి కట్టీసేత్తారు. సేపల ట్యాంకు మోటారు ఆగకుండా సూడు బావా" అన్నాను. ఆ సమయంలో అనాల్సిన మాటేనా అని తర్వాత అనిపించింది. ఆవిడైతే అదే అనేది.

చిన్నత్త మా నాన్న చెల్లెలు. ఓడల ఏజెంటు ఆఫీసులో గుమాస్తాగా చేసి రిటైరైంది. గాజువాకలో రెండు గదుల వాటా. ముందుగదిలో సగం గోడ పొడుగున గాజు తొట్టె, అందులో ఎప్పుడూ అడుగునే తిరిగే చిన్న చిన్న మీసాల చేపలు. కోరీలంటారు వాటిని.

మొదటిసారి తెచ్చినవి వారం తిరక్కుండా చచ్చిపోయాయి. రెండోసారీ అంతే. వైజాగ్ నీళ్లకి, ఈ ఎండలకి ఆ చేపలు బతకవని ఇంటికొచ్చిన ప్రతివాళ్లూ చెప్పారు. "బతకవు" అన్న మాట ఆవిడకి పడదు. నన్ను వెంటేసుకుని ద్వారకా నగర్‌లో కొన్న షాపుకే వెళ్లింది.

"ఏం పెడతన్నారు మేడం?" అనడిగాడు షాపాయన. ఫలానా అని చెప్పింది. "అడుగు సేపలకి వేరే తిండక్కర్లేదు. పైన తిరిగే సేపలకి ఏసిందాంట్లో మిగిలింది తిని ట్యాంకుని క్లీన్ సేత్తాయి. సచ్చిపోతే మళ్లీ కొనుక్కోడమే."

"మీ ఇంట్లో అందరూ తిన్నాక నువ్వు కంచాలు నాక్కుంటావేటి?" అంది చిన్నత్త.

బస్సెక్కాక కూడా ఆ కోపం చల్లారలేదు. "సేపలు సచ్చిపోనేదే. మనం సంపీసేం" అంది కిటికీలోంచి చూస్తూ.

ఇక నీళ్ల మీద పడింది. బోరు నీళ్లు ఉప్పగా ఉంటాయని మానేసింది. కుళాయి నీళ్లని వెడల్పు టబ్బులో పట్టి, బ్లీచింగ్ వాసన పోయేదాకా ఆరుబయట ఉంచేది. గరుకు రంగురాళ్లు ఏరి పారేసి మెత్తటి ఇసుక పోసింది. ఇసుకలో మూతి దూర్చి తిండి వెతుక్కునే చేప అది, రాళ్లకి మీసాలు అరిగితే పుండు పడుతుంది. సాయంత్రం లైటార్పి, వాటి కోసమే విడిగా మునిగే గుళికలు వేసేది. సన్న గొట్టంతో అడుగు మురికి లాగి, తీసినన్ని నీళ్లే మళ్లీ పోసేది. తొట్టె మొత్తం ఏనాడూ ఖాళీ చేయలేదు. ఒకసారి నేను ఫిల్టర్ స్పాంజిని కుళాయి కింద కడగబోతే చెయ్యి పట్టుకుంది.

"తీసిన నీళ్లలోనే పిండు. మురికిని తినే పురుగు అందులోనే ఉంటాది, కంటికి కనపడదు. దాన్ని సంపీసేవంటే సేపలూ ఉండవు."

నీళ్లు అద్దంలా ఉన్నాయత్తా అని మెచ్చుకున్నా ఊరుకునేది కాదు. "పైన బాగున్నాదని సంబరపడకు. అడుగున ఎలాగుందో సూడు" అనేది. మనుషుల దగ్గరా ఆవిడ చూపు అంతే. ఎవరింటికెళ్లినా ముందు వంటగదిలో పనిచేసే మనిషి అన్నం తిందో లేదో కనుక్కునేది.

తర్వాత ఆవిడ కిడ్నీలు పాడయ్యాయి. డయాలసిస్ మొదలైంది. సూదులు గుచ్చే ఎడమ చేత్తో బరువెత్తొద్దన్నారు డాక్టర్లు. ట్యాంకు ఎవరికైనా ఇచ్చేద్దామన్నాడు బావ. అతని భయం అతనిది.

"నా రగతం కడగడానికి మిసనుంది. ఆటికి నానున్నాను" అంది చిన్నత్త. బకెట్ మానేసి కుడి చేత్తో చెంబు పట్టింది.

ఆ ఏడాది తుఫానుకి కరెంటు పోయింది. మోటారు ఆగిపోయింది. మధ్యాహ్నానికి అడుగున ఉండాల్సిన చేపలు పైకొచ్చి నోళ్లు తెరుచుకుని వేలాడుతున్నాయి. చిన్నత్త స్టూలు వేసుకుని కూర్చుని, ఆ తొట్టె నీళ్లనే చెంబుతో ముంచి, ఎత్తు నుంచి తిరిగి అందులోకే పోయడం మొదలెట్టింది. పోసినప్పుడల్లా బుడగలతో గాలి లోపలికి వెళ్తుంది. నేనూ బావా వంతులేసుకున్నాం. ఎదురింటాయన వచ్చి గుమ్మంలో నిలబడ్డాడు.

"ఊరంతా కరెంటు నేక అల్లాడిపోతంటే నీ సేపల గోలేటమ్మా?"

"నిజమే. నువ్వూ ఓ సెంబట్టుకో" అంది.

ఆయన నిజంగానే లోపలికొచ్చి చెంబందుకున్నాడు. కరెంటొచ్చేసరికి రెండు చేపలు పోయాయి. మిగిలినవి మళ్లీ అడుగుకి దిగాయి. ఆవిడ ఏడవలేదు. పోయినవాటిని తీసేసి, ఉన్నవాటికి నీళ్లు మార్చింది. ఆ తర్వాత బ్యాటరీ పంపొకటి కొనిపించింది.

ఆవిడ పన్నెండో రోజు భోజనాలయ్యాక ట్యాంకు సంగతి వచ్చింది. చేపల్ని కాలవలో వదిలేస్తే పుణ్యమన్నారెవరో. కాలవ నీళ్లలో ఒక్క పూట కూడా బతకవని చెప్పి, నేను తీసుకెళ్తానన్నాను.

"పోయినోళ్ల వస్తువు ఇంటికి తెచ్చుకోకూడదే" అన్నాడు పెదనాన్న.

"వస్తువు కాదు పెదనాన్నా. పేణాలు."

బావ తొట్టె నీళ్లని డబ్బాల్లోకి పట్టి, తొట్టెతో పాటు వెనకే తెస్తానన్నాడు. చేపల్ని మూత బకెట్లో వేసి ఆటోలో నా కాళ్ల మధ్య పెట్టుకున్నాను.

"కూరకా అమ్మా?" అనడిగాడు ఆటో అతను.

"కాదు. పెంచుకోడానికి. కొంచెం మెల్లగా పోనీ."

అతను నిజంగానే మెల్లగా పోనిచ్చాడు. వెనక లారీలు హారన్లు మోగిస్తున్నా తొందరపడలేదు. స్పీడు బ్రేకర్ దగ్గర దాదాపు ఆపేశాడు. నేను మూత కాస్త తీసి చూశాను. నీళ్లు బకెట్ అంచులకి కొట్టుకుంటున్నాయి, నా చీర కుచ్చిళ్లు తడిసిపోయాయి. అడుగున చేపలన్నీ ఒకదాన్నొకటి ఆనుకుని, మీసాలు నేలకి ఆన్చి, ఒకే వైపు తిరిగి ఉన్నచోటే నిలబడి ఉన్నాయి.