శశికళ గులాబీ షెడ్డు వదలని సంగతి

హోసూరు పక్కన బాగలూరులో ఈ మధ్య ఒక మాట తిరుగుతోంది. గులాబీలు పెంచే షెడ్డు యజమాని రామకృష్ణప్ప, తిమ్మరాజు పెండ్లాం సర్టిఫికెట్లను బీరువాలో పెట్టి తాళం వేసుకున్నాడట. అందుకే క్రిష్ణగిరి మామిడి గుజ్జు ఫ్యాక్టరీలో మంచి పని దొరికినా ఆమె పోలేకపోయిందట. కుళాయి దగ్గర పుట్టిన ఈ మాట పాల డెయిరీకి చేరేసరికి బీరువా కాస్తా బ్యాంకు లాకరైంది. ఇదంతా అబద్ధం. సర్టిఫికెట్లు ఆమె ఇంట్లోనే ట్రంకు పెట్టెలో పెళ్ళి చీర కింద ఉన్నాయి. పక్కింటి కెంపమ్మ కళ్ళారా చూసింది. ఎట్లా చూసిందని అడగకండి, చూసింది.

తిమ్మరాజు పెండ్లాం అంటేనే వీధిలో అందరికీ ఆనవాలు దొరుకుతుంది కాబట్టి అలా అనాల్సి వచ్చింది. ఆమె పేరు శశికళ. పుట్టిల్లు వేప్పనపల్లి. అత్తకు ఆమె కోడలు, మొగుడికి "ఏమే", బడిలో టీచరుకు వినుత వాళ్ళమ్మ. కంప్యూటర్ డిప్లొమా చదివి, పెళ్ళై వచ్చాక రామకృష్ణప్ప షెడ్డులో గులాబీలు కట్టలు కట్టే పనికి కుదిరింది.

ఆ షెడ్డులో గోడకు తగిలించిన ఇనుప పెట్టె ఒకటుంది. ఎండెక్కితే పైన తెర లాగేది, మొక్కల మీద నీళ్ళు తుంపరలుగా చిమ్మేది, ఫ్యాన్లు తిప్పేది అదే. దాన్ని పెట్టిపోయిన బెంగళూరు ముసలి ఇంజనీరు దానికి ఫోర్త్ అనే కంప్యూటర్ భాషలో పని నేర్పించాడు. కంప్యూటర్ చదువుకున్నవాళ్ళలో కూడా చాలామంది పేరు వినని భాష అది. ఆయన ఒళ్ళు బాగలేక రావడం మానేశాడు. తర్వాత కొన్నాళ్ళకు పెట్టె మొరాయించింది. ఎవరిని పిలిచినా "ఇది మాకు తెలీదు సామీ" అని చేతులెత్తేశారు.

"నువ్వు డిప్లొమా గదమ్మా, ఒక తూరి చూడు" అన్నాడు రామకృష్ణప్ప.

పెట్టెకున్న నల్లటి తెర ముందు కూర్చున్న శశికళకు ఏం కొట్టాలో తెలియలేదు. శశి అని ఇంగ్లీషు అక్షరాల్లో తన పేరే కొట్టింది. ఆ పేరునే తిరిగి చూపించి, పక్కన ఒక ప్రశ్న గుర్తు పెట్టింది పెట్టె. నువ్వెవరని అడిగినట్టే అనిపించింది ఆమెకు.

ఇంజనీరు వదిలిపోయిన నాలుగు కాగితాలు తిరగేస్తే విషయం తెలిసింది. ఈ భాషలో మనం కొత్త మాటలు పుట్టించుకోవచ్చు. ఫలానా మాట అంటే ఫలానా పని అని ఒక్కసారి చెప్తే చాలు, పెట్టె గుర్తు పెట్టుకుంటుంది. శశికళ శశి అనే మాటనే మొదట పుట్టించింది. మళ్ళీ కొట్టి చూసింది. ఈసారి ప్రశ్న గుర్తు రాలేదు. "ఓకే" అంది పెట్టె.

ఆ తర్వాత పట్టు దొరికింది. ఈ భాషలో అంకెలు ముందు, చేయాల్సిన పని వెనక. ఇచ్చిన అంకెలన్నీ పూల క్రేటుల్లాగా ఒకదాని మీద ఒకటి పేరుకుంటాయి, ఆఖర్న పెట్టిందే ముందు చేతికొస్తుంది. క్రేటు లేనిచోట చెయ్యి పెడితే పెట్టె తప్పు చూపిస్తుంది. తప్పు వచ్చినప్పుడల్లా ఎన్ని క్రేటులు పెట్టాను, ఎన్ని తీశాను అని వేళ్ళ మీద లెక్క చూసుకునేది. పాతవాటి జోలికి పోకుండా షెడ్డు పనంతా తన మాటలతో కొత్తగా అల్లుకుంది. పేర్లు కూడా తనకు తెలిసినవే పెట్టుకుంది. వాళ్ళ నాయన చేన్లో నీళ్ళు ఒక మడి నుంచి ఇంకో మడికి తిప్పేచోటును మడవ అనేవాడు. నీళ్ళ మోటారుకు మడవ అని పెట్టింది. మిగతావాటికి తెర, గాలి, తుంపర, అన్నీ కలిపి నడిపేదానికి ఎండవేళ. ఎండవేళ అని కొడితే షెడ్డంతా కదిలేది.

అక్కడే చిక్కుకుంది. ఆ మాటలు ఆమెకు తప్ప ఇంకొకరికి తెలియవు. ఆడబిడ్డ కొడుక్కి చెవులు కుడుతుంటే ఫోను, హోసూరు ఆసుపత్రిలో అత్త పక్కన కూర్చుంటే ఫోను. పుట్టింటికి పోయి ఒక పూట నిమ్మళంగా ఉన్నది లేదు. రామకృష్ణప్ప చెడ్డవాడైతే తిట్టి పోవచ్చు. ఆయన ప్రతిసారీ "తప్పుగా అనుకోవద్దమ్మా" అంటూనే పిలుస్తాడు.

మామిడి ఫ్యాక్టరీ పని ఖాయమయ్యాక ఆయనే జయప్రకాశ్‌ను పెట్టాడు. ధర్మపురి తమిళ పిల్లగాడు, చురుకైనవాడు, తెలుగు అంతంత మాత్రం.

"మడవ అంటే ఎన్నక్కా? మీరు మోటార్ అని పేరు పెట్టింటే నాను ఎప్పుడో నేర్చుకోనుంటాను" అని నవ్వేవాడు.

"మా నాయన మోటార్ అనింటే నేనూ అదే పెట్టింటానప్పా" అనేది శశికళ.

ఆమె వేప్పనపల్లి బస్సెక్కిన రోజు గాలి లేచింది. తెర చిరిగిపోతుందని జయప్రకాశ్ తెర అనే మాటను మార్చి, సగమే దిగేలా చేశాడు. తెర అని విడిగా కొట్టి చూస్తే సగమే దిగింది. మధ్యాహ్నం ఎండవేళ నడిచేసరికి పూర్తిగా దిగి ఒక మూల పరపరా చిరిగింది. బస్సింకా హోసూరు స్టాండు దాటలేదు, ఫోను మోగింది.

"అక్కా, మార్చినాను, ఐనా వినలేదు!"

"తెరను మాత్రమే మార్చినావు. ఎండవేళ ముందే పుట్టింది గదా, అది పాత తెరనే పట్టుకోనుంటుంది. దాన్ని కూడా మళ్ళీ చెప్పాల."

"దాని మీద ఇంకా ఏమేం ఉండాయి?"

ఒకదాని మీద ఒకటి అన్నీ అల్లుకుని ఉన్నాయి. శశికళ సంచి తీసుకుని బస్సు దిగింది.

దాంతో ముగ్గురూ కూర్చుని ఒక మాట అనుకున్నారు. జయప్రకాశ్ అందరికీ అర్థమయ్యే పేర్లతో మొత్తం తిరగ రాస్తాడు. ఫ్యాక్టరీవాళ్ళు అంతవరకు ఆగుతామన్నారు. తిమ్మరాజు కూడా "బండి యాడైనా తోలుకోవచ్చు, పోదాం పా" అన్నాడు. చివరికి ఫ్యాక్టరీవాళ్ళు సోమవారం చేరకపోతే వేరేవాళ్ళను పెట్టుకుంటామన్నారు. ఆదివారానికి కొత్తది సిద్ధమైంది. పెట్టెలో చోటు తక్కువ, పాతది ఒక్క మాట మిగలకుండా చెరిపితేనే కొత్తది పడుతుంది. చెరపడానికీ ఈ భాషలో ఒక మాటుంది, మర్చిపో అని అర్థం. దాని పక్కన ఏ పేరు కొడితే ఆ మాటా, దాని తర్వాత పుట్టినవన్నీ పోతాయి. ఆమె పుట్టించినవాటిలో మొట్టమొదటి పేరు కొడితే ఇంకేమీ మిగలదు.

"మీరే చెయ్యండక్కా" అని జయప్రకాశ్ పక్కకు తప్పుకున్నాడు. నుదుటి చెమట తుడుచుకుంటూ రామకృష్ణప్ప తలుపు దగ్గర నిలబడ్డాడు. శశికళ మర్చిపో అని కొట్టింది. పక్కన గీత మిణుకుమిణుకుమంటూ పేరు కోసం ఎదురుచూసింది. ఆమె కొట్టింది వెనక్కి చెరిపేసి, "ఇంకొకటి సరిచూడాల" అని లేచి పూలకట్టల దగ్గరికి పోయింది.

సోమవారం క్రిష్ణగిరి బస్సు ఆమె లేకుండానే పోయింది. ఆ వారమే బీరువా కథ పుట్టింది.

కెంపమ్మ ఇక ఆగలేకపోయింది. కరివేపాకు నెపంతో షెడ్డుకే వచ్చింది. "ఏమమ్మా, తాళం లేదు, బీరువా లేదు. ఆయప్ప పొమ్మన్నాడు, మొగుడు పోదామన్నాడు. తలుపు బార్లా తెరిచిపెడితే లోపలే కూర్చోనుండావే, నిన్ను పట్టుకునింది ఎవరే?"

శశికళ కట్ట కడుతున్న దారం పళ్ళతో తెంపింది.

"చెరపాలంటే మొదటి మాట పేరు కొట్టాల కెంపక్కా. ఆ మొదటి మాట శశి. మర్చిపో శశి అని నా వేళ్ళతోనే కొట్టాల. ఇంట్లో, వీధిలో ఆ పేరుతో నన్ను పిలిచేవాళ్ళు ఎవరుండారు చెప్పు? శశి అంటే ఓకే అనేది ఈ డబ్బా ఒకటే. దాని చేత కూడా ఎట్ల మరిపించేది?"